టేకు అడవి దాటిన గొంతు

సంగారెడ్డికి పని లేకుండా వెళ్ళేవాళ్ళు తక్కువ. చూడడానికి అక్కడేముందని హైదరాబాదులో నా స్నేహితులు అడిగారు. నేనూ పని మీదే వెళ్ళాను. డెబ్బైల మొదట్లో, ఒక శ్రావణమాసంలో, ముసురు పట్టి వదలని వారం అది. తిరిగొచ్చి ఇన్నాళ్ళయినా కిటికీ అవతల వాన పడుతుంటే నాకు ఆ అడవే గుర్తొస్తుంది. అక్కడ వాన ముందు ఆకాశం నుంచి కురుస్తుంది. అది ఆగాక చాలాసేపు ఆకుల నుంచి కురుస్తుంది. రెండింటికీ చప్పుడులో తేడా ఉంది. ఆ తేడా తెలియడానికి నాకు ఒక రోజు పట్టింది.

అప్పుడు నేను వైర్‌లెస్ సెట్లు బాగుచేసే ఒక చిన్న వర్క్‌షాపులో పనిచేసేవాణ్ణి. సంగారెడ్డిలో ఒక మిషన్ ఆసుపత్రి ఉంది. జిన్నారం దాటాక అడవి మధ్యలో ఆ ఆసుపత్రి వాళ్ళదే ఒక చిన్న దవాఖానా ఉంది. రెండింటి మధ్యా మాట్లాడుకోవడానికి మా వర్క్‌షాపు వాళ్ళు కిందటేడు వేసవిలో రెండు సెట్లు పెట్టి వచ్చారు. మొదట బ్రహ్మాండంగా పలికాయి. వానలు మొదలవగానే మూగబోయాయి. మళ్ళీ ఎండలొచ్చేసరికి ఎవరూ ముట్టుకోకుండానే పలికాయి. ఈ ఏడు తొలకరి పడగానే మళ్ళీ అదే వరస. బ్యాటరీలు మార్చారు, సెట్లు మార్చారు, లాభం లేదు. ఈ వానాకాలంలో సంగతి తేలకపోతే అడవిలోని దవాఖానా మూసేద్దామని ఆసుపత్రి పెద్దలు అనుకుంటున్నారని కబురు వచ్చింది. మా యజమాని నన్ను పంపాడు. ఎందుకైనా మంచిదని షార్ట్‌వేవ్ మీద పనిచేసే రెండు పాత మిలిటరీ సెట్లు కూడా వెంట తీసుకుపొమ్మన్నాడు. ప్రభుత్వం ఇచ్చిన అనుమతిలో షార్ట్‌వేవ్‌కూ చోటుంది కానీ దాన్ని ఎవరూ వాడలేదు.

పటాన్‌చెరువు

బస్సు పటాన్‌చెరువులో ఆగిపోయింది. టైరు మార్చేదాకా వానలో నిలబడలేక నా పెట్టెలతో సహా ఒక కిరాణా దుకాణం అరుగెక్కాను. దుకాణం సేటు బెల్లం బస్తాలను గోడవారకు జరిపించి మరీ నాకు చోటు ఇచ్చాడు. పెట్టెల్లో ఏముందని అడిగాడు. రేడియో లాంటిదే కానీ మనం మాట్లాడితే అవతలివాళ్ళు జవాబు చెబుతారని చెప్పాను. తన ఇంట్లో రేడియో పొద్దంతా చెబుతూనే ఉంటుందనీ, తాను చెప్పేది మాత్రం ఒక్కటీ వినదనీ ఆయన దిగులుగా అన్నాడు.

మాది గోదావరి జిల్లా. పరాయివాళ్ళను మేం 'మీరు' అంటాం. ఆ సేటు మొదటి మాట నుంచీ నన్ను 'నువ్వు' అన్నాడు. హైదరాబాదు వచ్చిన కొత్తలో ఈ 'నువ్వు'కి నొచ్చుకునేవాణ్ణి. ఇక్కడ నువ్వు అంటూనే కుర్చీ వేస్తారు, నువ్వు అంటూనే చాయ్ తెప్పిస్తారు. చాయ్ పదిహేను పైసలు. ఆయన నన్ను డబ్బు తియ్యనివ్వలేదు.

రోడ్డుకు ఒక పక్క జొన్నచేలు, ఇంకో పక్క కొత్తగా లేస్తున్న ఫ్యాక్టరీ గోడలు. సగం కట్టిన పొగగొట్టం ఒకటి వానలో తడుస్తూ ఏమీ తోచనట్టు నిలబడి ఉంది. దాని కింద గోనెసంచులు నెత్తిన వేసుకున్న కూలీలు హిందీలో ఏదో పాట పాడుకుంటున్నారు. పక్క చేలో గొర్రెల కాపరి వాళ్ళ పాటను నిలబడి వింటున్నాడు. ఆ చేలన్నీ ఇంకెన్నాళ్ళో ఉండవని సేటు అన్నాడు. బాధగా అన్నాడో సంతోషంగా అన్నాడో నాకు తెలియలేదు. బహుశా ఆయనకీ తెలియదు.

సంగారెడ్డి

ఆసుపత్రిని నడిపే డాక్టరు పేరు సలోమి. యాభై దాటి ఉంటాయి. ఆ చుట్టుపక్కల ఊళ్ళోనే ఒక బడిపంతులు కూతురుగా పుట్టి, దూరాన చదువుకుని, మళ్ళీ అక్కడికే వచ్చిన మనిషి. ఊరంతా ఆమెను డాక్టరమ్మ అనే పిలుస్తుంది. నేను వెళ్ళేసరికి ఓపీ ముగించి చేతులు కడుక్కుంటోంది. కిందటేడు ఏం జరిగిందో కడుక్కుంటూనే చెప్పింది. అడవి దవాఖానాకు ఒక గర్భిణిని తెచ్చారు. అక్కడి నర్సు ఎస్తేరమ్మ సెట్టు ముందు కూర్చుని మధ్యాహ్నమంతా పిలిచింది. ఇక్కడ ఒక్క ముక్క వినబడలేదు. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. రెండు రోజుల తరువాత కబురు కాలినడకన వచ్చింది.

"నాకు మిషన్ల సంగతి తెల్వదు," అంది డాక్టరమ్మ. "నాకు ఎస్తేరు గొంతు వినపడాలె. ఏం జేస్తవో చెయ్యి."

ఆ పూట భోజనం ఆమె ఇంట్లోనే. తినేముందు అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. నేను మూసుకోవాలో వద్దో తేల్చుకునేలోపే అది అయిపోయింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, బోడకాకరకాయ వేపుడు. మా వైపు దీన్ని ఆకాకరకాయ అంటాం, వానాకాలంలో అపురూపంగా కొనుక్కుంటాం. ఇక్కడ అడవి నుంచి గంపలకొద్దీ వస్తుంది. పచ్చిపులుసును నేను చారనుకుని మరిగించలేదేమని అడిగాను. వంటమనిషి నావైపు జాలిగా చూసింది.

చీకటి పడకముందే ఆసుపత్రి మేడమీద షార్ట్‌వేవ్ తీగ కట్టాను. మేడ మీద ఎత్తుగా కట్టడానికి ఏమీ లేదు. నీళ్ళ తొట్టి నుంచి పిట్టగోడ చివరిదాకా అడ్డంగా లాగి వదిలేశాను. సెట్టు ఎలా నొక్కాలో, ఎలా వదలాలో డాక్టరమ్మకు చూపించాను. పొద్దున ఓపీ మొదలుకాకముందూ, మధ్యాహ్నం భోజనమయ్యాకా సెట్టు దగ్గర కూర్చుంటానని ఆమె మాట ఇచ్చింది.

జిన్నారం దారి

మర్నాడు ఆసుపత్రి జీపులో బయలుదేరాం. డ్రైవరు దావీదు దారి పొడుగునా కీర్తనలు ఈల వేస్తూ నడిపాడు. జిన్నారంలో ఆపి కాల్చిన మక్క కంకులు, మా మొక్కజొన్న పొత్తులే, కొనిపెట్టాడు. అక్కడిదాకా నల్లరేగడి, బండరాళ్ళు, మధ్యమధ్య ఈతచెట్లు. ఆ తరువాత ఎప్పుడు మొదలైందో తెలియకుండా అడవి మొదలైంది.

నేను సముద్రం దగ్గరివాణ్ణి. మా వైపు కొబ్బరితోటలున్నాయి కానీ వాటిలోంచి ఆకాశం కనబడుతూనే ఉంటుంది. ఇక్కడ టేకుచెట్లు, ఒక్కో ఆకు విస్తరంత. ఆకు మీద ఆకు, దాని మీద నీళ్ళు. వెలుగు కూడా పచ్చగా మారి నెమ్మదిగా దిగుతోంది. జీపు చప్పుడు మా పక్కనే చచ్చిపోతోంది. అప్పుడు నాకు సంగతి అర్థమైంది. టేకు వేసవిలో ఆకులన్నీ రాల్చేసుకుంటుంది. మావాళ్ళు సెట్లు పెట్టింది మోడు చెట్ల మధ్య. ఆ సెట్ల తరంగం టార్చిలైటు వెలుగులాగా తిన్నగా పోతుంది. వానలు పడి ఆకు వచ్చాక, ఆ తడి ఆకులన్నీ కలిసి దాన్ని తాగేస్తున్నాయి. సెట్లలో లోపమేమీ లేదు. అడవి చిగురించింది, అంతే.

దారిలో ఒక వాగు పొంగడానికి సిద్ధంగా ఉంది. దావీదు నన్ను దవాఖానా దగ్గర దింపి, ఆ వాగు భయంతో జల్దీగా వెనక్కు వెళ్ళిపోయాడు.

అడవిలో దవాఖానా

పెంకుటిల్లు, రెండు గదులు, ముందు చిన్న వరండా. ఎస్తేరమ్మకు నలభై అయిదేళ్ళుంటాయి. పొట్టి మనిషి, తెల్లచీర, చేతికి గాజులు లేవు. నన్ను చూసి సంతోషించలేదు. చాయ్ పెట్టింది, మక్కగారెలు పెట్టింది, సెట్టు ఉన్న మూల వైపు మాత్రం చూడలేదు. నేను అడగకుండానే, ఆ రోజు ఎంత పిలిచినా పలకని డబ్బాతో తనకిక పని లేదని చెప్పింది. తనను బదిలీ చేస్తారని తెలుసట. తాను వెళ్ళిపోతే ఇక్కడి ఆడవాళ్ళు ఎవరి దగ్గరికి పోతారన్నదే తన దిగులట.

ఆమెతో వాదించడం నాకు చేతకాలేదు. పనిలో పడ్డాను. ఎంత ఎత్తుకు కడితే అంత మంచిదని వర్క్‌షాపులో నేర్చుకున్న అలవాటు కొద్దీ, షార్ట్‌వేవ్ తీగను ఒక పెద్ద టేకుచెట్టు చివర్నుంచి నిలువుగా వేలాడదీయించాను. కట్టెలు కొట్టుకునే ఒకాయన చెట్టెక్కి కట్టిపెట్టాడు. డాక్టరమ్మ చెప్పిన సమయానికి సెట్టు వేశాను. గుయ్యిమని హోరు తప్ప ఏమీ లేదు. ఆ హోరుకూ బయటి వానకూ తేడా తెలియడం లేదు. ఎస్తేరమ్మ తలుపు దగ్గర నిలబడి కాసేపు విని, రోగుల దగ్గరికి వెళ్ళిపోయింది. అది తిట్టినదానికన్నా కష్టంగా అనిపించింది.

తీగ

మర్నాడు పొద్దున కోతుల మంద వచ్చింది. ఆ అడవిలో కోతులకు లెక్క లేదు. నేను పళ్ళు తోముకుంటుండగానే నాలుగైదు పిల్లకోతులు నా తీగ పట్టుకుని ఊయలూగడం మొదలుపెట్టాయి. అదిలించేలోపు పైముడి ఊడి తీగంతా కిందపడింది. వెళ్ళి చూస్తే అది వరండా దూలం నుంచి ఎదురుగా ఉన్న పొదల దాకా, తలెత్తులో అడ్డంగా చిక్కుకుని ఉంది. మళ్ళీ చెట్టెక్కే మనిషి కోసం చూస్తూ, ఊరికే సెట్టు వేశాను.

"ఎస్తేరూ, ఎస్తేరూ," అని డాక్టరమ్మ పిలుస్తోంది.

పక్క గదిలో ఉన్నట్టుంది ఆ గొంతు. వెనక ఆసుపత్రిలో ఎవరిదో దగ్గు కూడా వినబడింది. నా చేతిలో పళ్ళపొడి అలాగే ఉండిపోయింది. లోపలి నుంచి ఎస్తేరమ్మ వచ్చి నా వెనక నిలబడింది. నొక్కి మాట్లాడమని మైకు ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని నోటి దగ్గర పెట్టుకుంది. "ఉన్నమ్మా," అంది.

ఎలా జరిగిందని తరువాత అడిగింది. పుస్తకాల్లో నేను చదివి మరిచిపోయిన సంగతే. ఆకాశంలో ఎంతో ఎత్తున కంటికి కనబడని పొర ఒకటుంటుంది. పగటిపూట ఎండకు అది గట్టిపడుతుంది. తీగ నిలువుగా ఉంటే మాట పక్కలకు, చెట్లలోకే పోతుంది. అడ్డంగా, కిందుగా కడితే మాట చెట్ల మధ్య దూరకుండా తిన్నగా పైకి పోయి, ఆ పొరకు తగిలి, అడవి అవతల వానలాగా దిగుతుంది. అడవితో దానికి పనే లేదు. అయితే పొద్దు వాలేకొద్దీ పొర పలచబడుతుంది. సాయంత్రమైతే మాట మళ్ళీ కిందికి రాదు.

"అంటే మబ్బులకన్న పైకి పోయి వస్తదా డాక్టరమ్మ మాట?" అంది ఎస్తేరమ్మ. ఆ పూట నుంచి నన్ను సార్ అనడం మాని తమ్మీ అంది.

ఆ రోజు తీగను రెండు గుంజలకు సరిగ్గా కట్టాను. వాగు పొంగిందని, జీపు రాదని కబురు వచ్చింది. నాకేమీ విసుగనిపించలేదు. వరండాలో కూర్చుని ఆకుల మీద వాన వింటూ, ఆ ఆకుల పైన ఎక్కడో రెండు గొంతులు ఎగిరి దిగడం ఊహించుకుంటూ గడిపాను.

సాయంత్రం

మరుసటి రోజు మధ్యాహ్నం నలుగురు మనుషులు ఒక మంచాన్ని మోసుకుంటూ చెట్లలోంచి వచ్చారు. మంచం మీద లచ్చమ్మ అనే పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ అమ్మాయి. తొలికాన్పు. వెంట భర్త ఎల్లయ్య, అత్త. నొప్పులు మొదలై ఒక రాత్రి గడిచిపోయింది. ఎస్తేరమ్మ పరీక్ష చేసి బయటకు వచ్చినప్పుడు ఆమె ముఖం చూసి నాకు భయమేసింది. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది. అలాంటి కాన్పు ఆమె ఒక్కతే ఎప్పుడూ చెయ్యలేదు. సంగారెడ్డికి పంపుదామంటే వాగు.

సెట్టు వేశాను. డాక్టరమ్మ దొరికింది. కానీ పొద్దు వాలుతోంది. గొంతు నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టుంది, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న నాకు తప్ప ఇంకెవరికీ వినబడదు. రెండు గదుల మధ్య ఒక గుడ్డ తెర. ఇవతల సెట్టుతో నేను, అవతల ఎస్తేరమ్మ. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు నేను గట్టిగా పైకి అనాలి. ఎస్తేరమ్మ చెప్పింది మైకులో చెప్పాలి.

మొదటి మాటకే నా నోరు తడబడింది. పెళ్ళికాని వాణ్ణి. కాన్పు గదిలో వాడే మాటలు నేనెప్పుడూ పైకి అన్నవి కావు. అత్తగారు మగ గొంతు విని లోపల గొడవ పెట్టింది.

"ఇప్పుడు గాయన మొగోడు కాదు," అంది ఎస్తేరమ్మ. "గా గొంతు డాక్టరమ్మది. నువ్వు ఊకో."

ఆ తరువాత నాకు సిగ్గు గుర్తులేదు. తొందరపడొద్దు, ముట్టుకోవద్దు, తనంత తాను బొడ్డుదాకా రానియ్యి అన్నాను. వెచ్చటి గుడ్డ కప్పు అన్నాను. వీపు పైకి ఉండేటట్టు చూడు అన్నాను. అవి నా మాటలు కావు. ఎక్కడో మేడమీది గది నుంచి బయలుదేరి, మబ్బులు దాటి, ఆకాశం తాకి నా నోట్లోకి దిగుతున్నవి. ఎవరో నాలోంచి మాట్లాడుతున్నట్టు ఉంది. ఎస్తేరమ్మ "అయింది" అన్నప్పుడల్లా "అయింది" అని పైకి పంపుతున్నాను. ఒక చెయ్యి వచ్చింది. రెండో చెయ్యి వచ్చింది. తల మిగిలింది.

కిటికీలో వెలుగు ఎర్రబడింది. డాక్టరమ్మ గొంతు దగ్గరికి వచ్చి దూరంగా పోతోంది. ఆమె వెనక నుంచి ఎక్కడివో విదేశీ స్టేషన్లు లేస్తున్నాయి. "లాగొద్దు," అంది. "బిడ్డను నీ ముంజేతి మీద ఒరిగించుకో. ఒక చెయ్యి..." ఆమె మాట మీద ఏదో తెలియని భాషలో వాద్యాల మోత వచ్చి పడింది. పిలిచాను. మళ్ళీ పిలిచాను. మోత తప్ప ఏమీ లేదు.

ఆ మిగతా మాట ఊహించి చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. నాకేం తెలుసని చెప్పను?

"అక్కా, గొంతు పోయింది," అన్నాను.

"ఎక్కడిదాక చెప్పిందో చెప్పు."

"ముంజేతి మీద ఒరిగించుకోమంది. ఒక చెయ్యి అని ఆగిపోయింది."

"సరే తమ్మీ. ఇగ ఆ డబ్బా బంద్ చెయ్యి. చప్పుడు పరేషాన్ చేస్తాంది."

బంద్ చేసి వరండాలోకి వచ్చాను. వాన ఆగింది, ఆకులు కురుస్తున్నాయి. ఎల్లయ్య మెట్టు మీద కూర్చుని లేత టేకాకు ఒకటి అరచేతుల మధ్య నలుపుతూనే ఉన్నాడు. టేకాకు నలిపితే ఎర్రటి రసం వస్తుంది. తన చేతులు ఎర్రబడ్డాయని అతను గమనించలేదు. నేను అతని పక్కన కూర్చున్నాను. లోపల ఎస్తేరమ్మ గొంతు మెల్లగా, ఎవరినో నిద్రపుచ్చుతున్నట్టు వినబడుతోంది. తరువాత అదీ ఆగింది. తరువాత చిన్నగా, గొంతులో నీళ్ళున్నట్టు, ఒక ఏడుపు వచ్చింది. మొదట పిట్ట అనుకున్నాను. ఎల్లయ్య లేచి నిలబడ్డాడు.

మర్నాడు

తెల్లవారగానే సెట్టు వేశాను. తల్లీ బిడ్డా క్షేమమని చెప్పాలని ఎస్తేరమ్మ మైకు పట్టుకుని కూర్చుంది. అవతల పలికేవాళ్ళు లేరు. తీగ చూశాను, బ్యాటరీ చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి. మళ్ళీ మొదటికొచ్చిందా అనుకుంటూ తీగ ముడులు ఇంకోసారి బిగించాను.

పొద్దెక్కాక చెట్లలోంచి డాక్టరమ్మ నడిచి వచ్చింది. చీర మోకాళ్ళదాకా బురద, చేతిలో చెప్పులు, వెనకే మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని దావీదు. రాత్రంతా వాగు ఒడ్డున జీపులోనే ఉండి, నీళ్ళు తగ్గగానే దాటి వచ్చారట. ఆమె చేతులు కడుక్కుని తిన్నగా లోపలికి వెళ్ళింది. లచ్చమ్మను చూసింది, బిడ్డను అటూ ఇటూ తిప్పి చూసింది. ఆడపిల్ల. తరువాత ఎస్తేరమ్మ వైపు తిరిగింది.

"తల ఎట్ల తీసినవ్?"

ఎస్తేరమ్మ తువ్వాలు మడిచి ముంజేతి మీద పెట్టుకుంది. ఒక చెయ్యి కింద నుంచి పోనిచ్చి వేళ్ళు ఎక్కడ పెట్టిందో, రెండో చెయ్యి భుజాల మీద ఎలా వేసిందో, అత్తగారితో పొత్తికడుపు మీద ఎక్కడ నొక్కించిందో నెమ్మదిగా చేసి చూపించింది. డాక్టరమ్మ కళ్ళార్పకుండా చూసింది.

"నేను గదే చెప్పిన," అంది చివరికి. "చెప్పిందే చెప్పిన. ఇటు నుంచి జవాబు రాకపోయేసరికి జీపెక్కిన. వినపడిందా నీకు?"

"లేదమ్మా. ఒకసారి నీ పక్కన నిలవడి సూసిన గద. నీ చేతులు యాది చేసుకున్న."

డాక్టరమ్మ అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. బురద అంటి ముఖం ఇంకా పాడయింది.

సాయంత్రాలు కూడా మాట దాటాలంటే ఏం చెయ్యాలని తిరుగుదారిలో నన్ను అడిగింది. ఇంకా పొడుగు తీగ, ఇంకో తరంగం, దానికి వేరే అనుమతి కావాలని చెప్పాను. ఆమె తలూపి, జిన్నారం దాటకముందే కూర్చున్నచోటే నిద్రపోయింది.

అనుమతి చలికాలానికి వచ్చింది. నేనే మళ్ళీ వెళ్ళి పొడుగు తీగలు కట్టాను. దవాఖానా మూసేమాట అప్పటికే ఎవరూ ఎత్తడం లేదు. తీగ కట్టిన మొదటి సాయంత్రం, పొద్దు గుంకాక, ఎస్తేరమ్మ మైకు తీసుకుంది. ఆ రోజు చెప్పుకోదగ్గ రోగం ఎవరికీ లేదు. ఏం కూర వండినవని డాక్టరమ్మ అడిగింది. చిక్కుడుకాయ అంది ఎస్తేరమ్మ. ఉప్పు ఎక్కువైందని కూడా చెప్పింది. వాళ్ళిద్దరూ అలా చాలాసేపు మాట్లాడుకుంటూనే ఉన్నారు. నేను వరండాలో కూర్చుని విన్నాను.